మంచు ఎత్తే ఖర్చు ఎక్కడ ఎక్కువ?

1936 తొలి రోజులు. అమెరికా పడమటి కొండలన్నీ తిరిగి విసిగిపోయిన ఒక ఆస్ట్రియా యువకుడు ఇక ఇంటికి పోదామనుకుంటున్నాడు. పేరు ఫెలిక్స్ షాఫ్‌గాట్ష్. జమీందారీ వంశంలో పుట్టినవాడు, స్కీయింగ్ తెలిసినవాడు. అతన్ని తిప్పుతున్నది యూనియన్ పసిఫిక్ రైల్వే. ఇచ్చిన పని ఒక్కటే: చలికాలం సెలవులకు ఓడెక్కి యూరప్ పోయే డబ్బున్న అమెరికన్లను ఇక్కడే ఆపగల కొండను చూసిపెట్టడం. అతను రెయినియర్ చూశాడు, హుడ్ చూశాడు, యోసెమిటీ, టాహో, యూటా కొండలు, జాక్సన్ లోయ అన్నీ చూశాడు. ఒకచోట మంచు మరీ తడి. ఇంకోచోట ఊపిరి ఆడనంత ఎత్తు. వేరొకచోట గాలి. మరోచోట పెద్ద నగరం దగ్గరగా ఉండి, వారాంతంలో ఊరంతా వచ్చి పడే ప్రమాదం.

చివరికి దారి చూపింది పర్వతారోహకుడూ కాదు, పటమూ కాదు. ఐడహో రాష్ట్రంలో పనిచేసే రైల్వే ఉద్యోగి ఒకాయనకు కంపెనీ జమాఖర్చులు గుర్తొచ్చాయి. పట్టాల మీద మంచు ఎత్తిపోయడానికి రైల్వేకు బాగా ఖర్చు పెట్టించే బ్రాంచి లైను ఒకటుంది, అది కెచమ్ అనే ఊరికి పోతుంది, దాన్ని చూశారా అని అడిగాడు. ఒకప్పుడు వెండి, సీసం గనులతో వెలిగి, ఆ తర్వాత గొర్రెల మందలను రైలెక్కించడానికే మిగిలిన చిన్న ఊరది. షాఫ్‌గాట్ష్ అక్కడికి వెళ్లి రెండు మూడు రోజులు చుట్టుపక్కల వాలుల మీద తిరిగాడు. అమెరికాలోనే కాదు, స్విట్జర్లాండ్‌లో, ఆస్ట్రియాలో కూడా ఇన్ని అనుకూలతలున్న చోటు తాను చూడలేదని హ్యారిమన్‌కు తంతి కొట్టాడు.

యావరెల్ హ్యారిమన్ అప్పుడు యూనియన్ పసిఫిక్ ఛైర్మన్. తర్వాత మాస్కోలో అమెరికా రాయబారిగా, న్యూయార్క్ గవర్నర్‌గా పేరు తెచ్చుకున్నది ఆయనే. ఆర్థిక మాంద్యంలో రైలు పెట్టెలు ఖాళీగా తిరుగుతున్నాయి. 1932లో లేక్ ప్లాసిడ్‌లో జరిగిన చలికాలపు ఒలింపిక్స్ వల్ల అమెరికన్లకు మంచు ఆటల మీద మోజు పుట్టింది. జనం రైలెక్కాలంటే రైలు చివర ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే కట్టాలి.

ఈ ఆలోచన ఆయనకు మాత్రమే వచ్చిందనుకుంటే పొరపాటు. స్కీ రిసార్టుల చరిత్ర తిరగేస్తే ఆటగాళ్ల కంటే ముందు తగిలేది హోటలు యజమానులు, రైల్వేలు, టికెట్లమ్మేవాళ్లు. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో చెప్పుకునే కథ 1864 నాటిది. అప్పట్లో ఇంగ్లిషువాళ్లు వేసవిలో వచ్చి, చలి మొదలవగానే పెట్టెలు సర్దుకునేవారు. కుల్మ్ హోటల్ యజమాని యోహానెస్ బాద్రుట్ నలుగురైదుగురు అతిథులతో పందెం కాశాడు: చలికాలంలో కూడా ఒకసారి రండి, ఇక్కడి ఎండ మీకు నచ్చకపోతే రానూపోనూ ఖర్చులు నావి. వాళ్లు వచ్చారు, వసంతం దాకా కదల్లేదు. దీంట్లో కొంత కల్పన ఉండొచ్చు, హోటలు వాళ్ల కథ కదా. చలికాలంలో కొండకు సెలవు మీద పోవడమనే అలవాటు మాత్రం ఆ రోజుల్లోనే, ఆ చుట్టుపక్కలే మొదలైంది. పొరుగున దావోస్‌లో క్షయరోగులకు చలికాలపు కొండగాలి మంచిదని డాక్టర్ అలెగ్జాండర్ స్పెంగ్లర్ చెప్పడంతో 1865 నుంచి రోగులు రావడం మొదలుపెట్టారు. భార్యకు క్షయ రావడంతోనే షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కానన్ డోయల్ కూడా అక్కడికి చేరాడు. 1894లో స్థానిక అన్నదమ్ములిద్దరితో కలిసి స్కీల మీద కనుమ దాటి అరోసా చేరి, ఆ అనుభవాన్ని పత్రికలో రాశాడు. చదివిన ఇంగ్లిషువాళ్లకు ఇదేదో కొత్త సరదాలా కనిపించింది.

ఆ సరదాను వ్యాపారంగా మార్చినవాళ్లలో ఒకరి ఇంటి కథ మద్రాసు మీదుగా నడుస్తుంది. హెన్రీ లన్ మెథడిస్టు మిషనరీ వైద్యుడు, 1880లలో మద్రాసు ప్రాంతానికి వచ్చాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ ఆ ప్రెసిడెన్సీలోనే ఉన్న కాలమది. 1888లో అతని కొడుకు ఆర్నాల్డ్ మద్రాసులోనే పుట్టాడు. ఆరోగ్యం కుదరక హెన్రీ ఇంగ్లండు తిరిగిపోయాడు. 1890లలో క్రైస్తవ శాఖలను ఒకటి చేద్దామని స్విట్జర్లాండ్‌లోని గ్రిండెల్‌వాల్డ్‌లో సమావేశాలు పెట్టాడు. శాఖలు కలవలేదు గానీ, అంతమందికి రైలు టికెట్లు, హోటలు గదులు కుదర్చడం ఆయనకు బాగా వంటబట్టింది. ప్రయాణాల వ్యాపారంలోకి దిగాడు. వేసవికి మాత్రమే నడిచే కొండ రైలును 1910 చలికాలంలో కూడా నడపమని ఒప్పించి, మ్యూరెన్ అనే చిన్న పల్లెను స్కీయింగ్ కేంద్రంగా మార్చింది ఆయనే.

మంచు పడని మద్రాసులో పుట్టిన ఆర్నాల్డ్, తండ్రి హోటళ్ల వెనకున్న వాలుల మీద ఆటకు నియమాలు రాశాడు. అంతకు ముందు స్కీయింగ్ పోటీ అంటే నార్వే వాళ్ల పద్ధతి: సమతలం మీద దూరం పోవడం, ఎత్తు నుంచి దూకడం. కొండ దిగడంలోనే అసలు నేర్పు ఉందన్నది ఆర్నాల్డ్ వాదన. 1911లో స్విట్జర్లాండ్‌లోని మోంటానా అనే చోట కొండ మీంచి కిందికి జారే పందెం పెట్టించాడు. కప్పు ఇచ్చినది లార్డ్ రాబర్ట్స్. ఆయన 1880లలో మద్రాసు సైన్యానికి సేనాధిపతిగా పనిచేసినవాడే, కాందహార్ యుద్ధంతో పేరు పొందినవాడు. 1924లో మ్యూరెన్‌లో పెట్టిన క్లబ్బుకు కాందహార్ పేరు ఆయన వల్లే వచ్చింది. ఆల్ప్స్ మంచులో అఫ్గాన్ ఊరి పేరేమిటని ఆశ్చర్యపోయేవాళ్లకు జవాబు అది. జెండాల మధ్య మెలికలు తిరుగుతూ దిగే నేటి స్లాలమ్ రూపం ఆర్నాల్డ్ 1922లో మ్యూరెన్‌లోనే దిద్దాడు. 1936 ఫిబ్రవరిలో జర్మనీలోని గార్మిష్ ఒలింపిక్స్‌లో ఈ దిగే పోటీలు మొదటిసారి చోటు సంపాదించాయి. షాఫ్‌గాట్ష్ అమెరికాలో కొండ ఎంచింది కూడా ఆ చలికాలంలోనే.

అతను కెచమ్‌లో చూసినవి ఏమిటో గమనించాలి, ఎందుకంటే సెలవుకు రిసార్టు ఎంచుకునేవాళ్లు ఈ రోజుకీ చూడాల్సినవి అవే. ఊరి ఎత్తు దాదాపు 1,800 మీటర్లు: మంచు నిలుస్తుంది, మనిషికి ఆయాసం రాదు. ఉత్తరాన కొండల అడ్డు ఉండి చలిగాలి కొట్టదు. కింది వాలుల మీద చెట్లు లేవు, కొత్తగా నేర్చుకునేవాడు పడినా చెట్టుకు కొట్టుకోడు. ఎండ కాస్తుంది, మంచు పొడిగా ఉంటుంది. దారి ఉంది, అదీ హ్యారిమన్ సొంత రైలు దారి.

రైల్వే అక్కడ 3,888 ఎకరాల పశువుల మేత భూమిని కొంది. ప్రచారానికి మియామీ బీచ్‌ను అమ్మిపెట్టిన స్టీవ్ హన్నగన్‌ను పిలిచారు. చలంటే గిట్టని మనిషి. చలి అన్న ఊహే రానివ్వకూడదని ఊరికి సన్ వ్యాలీ అని పేరు పెట్టించాడు, పోస్టరు మీద చొక్కా లేకుండా స్కీయింగ్ చేసే కుర్రాడి బొమ్మ వేయించాడు. వేడినీటి కొలనులు, సంగీతం కూడా ఉండాలని పట్టుబట్టాడు. 220 గదుల హోటలు ఏడు నెలల్లో లేచింది. గోడలు చూస్తే కలపలా ఉంటాయి గానీ కాంక్రీటు. గరుకు చెక్కల అచ్చుల్లో పోసి పైన రంగు పట్టించారు.

అసలు మార్పు మాత్రం అరటి గెలల నుంచి వచ్చింది. అప్పటి దాకా కొండెక్కాలంటే నడవాలి, లేదా తాడు పట్టుకుని ఈడ్పించుకోవాలి. ఒమాహాలో రైల్వే ఇంజినీరు జేమ్స్ కర్రన్ అంతకుముందు ఓడల్లోకి అరటి గెలలు ఎక్కించే యంత్రాల మీద పనిచేశాడు. తీగకు వేలాడే కొక్కెం స్థానంలో కుర్చీ పెడితే మనిషిని ఎక్కించలేమా అన్నాడు. పైవాళ్లు ప్రమాదమన్నారు. చివరికి ఒప్పుకున్నాక పరీక్ష పెట్టాల్సింది ఒమాహా వేసవిలో, మంచెక్కడిది? లారీ పక్కన కుర్చీ బిగించి, గడ్డి పరిచి, మనిషి కాళ్లకు స్కీలు కట్టి నిలబెట్టి, ఎంత వేగంతో కుర్చీ వెనక నుంచి వస్తే పడకుండా కూర్చోగలడో చూశారు. గడ్డి మీద స్కీలు జారకపోతే చక్రాల స్కేట్లు తొడిగారు. ప్రపంచంలో మొట్టమొదటి చెయిర్ లిఫ్ట్‌లు ఆ డిసెంబర్‌లో సన్ వ్యాలీలో తిరిగాయి. నా లెక్కలో కొండ సెలవు మామూలు జనానిది అయింది ఆ కుర్చీతోనే. నాలుగు గంటలు ఎక్కి పది నిమిషాలు దిగే ఆటకు వారం సెలవు పెట్టేవాళ్లు ఎందరుంటారు?

1936 డిసెంబర్ 21న ప్రారంభోత్సవం. హాలీవుడ్ నుంచి, న్యూయార్క్ నుంచి పెద్దలు దిగారు. కొండ మీద మాత్రం మంచు లేదు. ఆస్ట్రియా జమీందారు చూసి, రైల్వే జమాఖర్చులు సాక్ష్యం చెప్పి, పోస్టర్లు దేశమంతా అంటించిన కొండ గోధుమరంగులో నిలబడింది. మంచు పడేదాకా అందరూ రైల్వే అతిథులేనని, గది అద్దె అక్కర్లేదని హ్యారిమన్ ప్రకటించాడు. కొద్ది రోజుల్లో మంచు పడింది, ఆ తర్వాత పేరు ఆగలేదు. 1939లో హెమింగ్వే ఆ హోటల్లో కూర్చుని తన స్పెయిన్ యుద్ధ నవల రాసుకున్నాడు. 1964లో యూనియన్ పసిఫిక్ రిసార్టును అమ్మేసింది. అప్పటికి జనం కార్లలో, విమానాల్లో వస్తున్నారు, టికెట్ల కోసం కట్టిన హోటలు టికెట్లు అమ్మడం మానేసింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాన్సులో పల్లె లేని కొండ మీద రిసార్టులనే కట్టడం మొదలుపెట్టారు. కూర్షెవెల్ 1946లో అలా పుట్టింది. పేరు చివర 1850 అని ఎత్తు తగిలించారు, నిజానికి ఊరు దాదాపు వంద మీటర్లు కిందే ఉంది. పొరుగు రిసార్టు వాల్ దిజేర్‌కు తీసిపోకూడదన్న పంతం. బ్రోషరులో ఎత్తు చూసి గది బుక్ చేసేవాళ్లు ఆ అంకె ఊరిదా, లిఫ్ట్ చివరిదా అని అడగడం మంచిది. రెండింటి మధ్య వెయ్యి మీటర్లు తేడా ఉండే చోట్లు చాలా ఉన్నాయి.

సియాటిల్‌లోనో డెన్వర్‌లోనో ఉన్న మన పిల్లలకు ఈ ఎంపిక వారాంతపు వ్యవహారం. హైదరాబాద్, విజయవాడ నుంచి బయల్దేరే కుటుంబానికి ముందుగా తోచేది గుల్మార్గ్. అక్కడ కూడా కథ తెల్లదొరలతోనే మొదలు: స్కీ క్లబ్ ఆఫ్ ఇండియా 1927లో పెట్టారు. ఫ్రెంచి కంపెనీతో కట్టించిన గోండోలా 1998లో మధ్య స్టేషన్ కొంగ్డోరి దాకా, 2005లో అఫర్వాత్ కొండ భుజం మీద సుమారు 3,950 మీటర్ల దాకా చేరింది. ఊరు 2,650 మీటర్ల ఎత్తులో, పళ్లెంలాంటి మైదానంలో ఉంది. కొత్తవాళ్లు నేర్చుకోవాల్సింది ఆ మైదానం అంచుల్లోనే. పై స్టేషన్ నుంచి దిగడం బాగా వచ్చినవాళ్ల పని, అదీ గైడు ఉంటేనే. 2023, 2024 ఫిబ్రవరుల్లో మంచుచరియలు విరిగిపడి విదేశీ స్కీయర్లు అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఉత్తరాఖండ్‌లోని ఔలీ మరింత నెమ్మదైన చోటు, 2011 దక్షిణాసియా చలికాలపు క్రీడలకు అక్కడ కృత్రిమ మంచు యంత్రాలు కూడా పెట్టారు. యంత్రాలున్నా చలి ఉంటేనే నీళ్లు మంచవుతాయి.

చలి కూడా ఈమధ్య చెప్పిన మాట వినడం లేదు. 2024 జనవరిలో గుల్మార్గ్ వాలులు ఎండిపోయి కనిపించాయి, ఫిబ్రవరిలో గానీ మంచు నిలవలేదు. 2025లో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా చలికాలపు క్రీడలను మంచు చాలక ఫిబ్రవరి నుంచి మార్చికి మార్చారు. సంక్రాంతి సెలవులకు అక్కడికి పోదామనుకునేవాళ్లు తేదీ మార్చుకునే వీలున్న టికెట్లు కొనుక్కోవాలి. హోటలు వాళ్లకు ఫోన్ చేసినప్పుడు గదిలో హీటరుందా అని అడిగాక, పోయిన వారం ఏ ఎత్తు దాకా మంచు నిలిచిందో కూడా కనుక్కోవాలి. ఎందుకంటే బాద్రుట్‌లాగా పందెం కాసే యజమాని, హ్యారిమన్‌లాగా మంచు పడేదాకా అద్దె వద్దనే యజమాని ఇప్పుడు దొరకరు.