తలకెక్కిన గోరింటాకు

గోరింటాకును ఎంత మెత్తగా నూరినా, రాత్రంతా నానబెట్టినా నలుపు రాదు. వచ్చేది ఎరుపే. తెల్లవెంట్రుక మీద పడితే నారింజ, నల్లవెంట్రుక మీద పడితే ఎండలో నిలబడ్డప్పుడు మాత్రం కనబడే రాగి మెరుపు. తలకు హెన్నా పెట్టుకునే మన ఇళ్ల చరిత్రంతా ఈ సంగతితో రాజీపడలేక పడ్డ అవస్థే. ఇనుప బాండలి, టీ డికాషన్, కాఫీపొడి, ఉసిరిపొడి, చివరికి నీలి ఆకు పొడి, అన్నీ ఆ ఎరుపును ఎట్లాగైనా నలుపు దారి పట్టించాలని చేసిన ప్రయత్నాలే. వీటిలో ఆఖరుది ఇప్పుడు ప్రొద్దుటూరు అంగళ్లలో హెన్నా ప్యాకెట్ పక్కన కొత్త సరుకు మాదిరి కూర్చుంటోంది. నిజానికి అది కడప జిల్లాకు పాత చుట్టం.

ముందు గోరింట సంగతి. దీనికి నీళ్లు పెద్దగా అక్కర్లేదు. ఎండ ఎంత కాస్తే ఆకులో రంగు అంత దిగుతుందని పండించేవాళ్లు చెబుతారు. ఆ లెక్కన జమ్మలమడుగు, పులివెందుల ఎండలకు ఇంతకంటే తగిన మొక్క లేదు. దొడ్డిగోడ పక్కనో, చేని గట్టున కంచెలోనో ఒక పొద ఉంటే వీధి మొత్తానికి ఆషాఢం గడిచిపోయేది. శాస్త్రజ్ఞులు దీన్ని లాసోనియా ఇనెర్మిస్ అంటారు. ఐజాక్ లాసన్ అనే స్కాట్లాండ్ వైద్యుడు తనకు స్నేహితుడు కావడంతో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఆ పేరు పెట్టాడు. 1753లో అచ్చయిన లిన్నేయస్ గ్రంథంలో అది ఉంది. ఆకులోని రంగు పదార్థాన్ని లాసోన్ అంటారు. ఎండుటాకులో అది నూటికి ఒకటి, రెండు పాళ్లు ఉంటుంది, అంతే.

ఆ కొంచెం రంగు ఆకులో చక్కెర అణువుకు ముడిపడి ఉంటుంది. తడిలో, కాస్త పులుపులో నానితే మెల్లగా విడిపడుతుంది. నిమ్మరసం పిండి రాత్రి కలిపిపెట్టమని పెద్దవాళ్లు చెప్పింది ఇందుకే. విడిపడ్డ లాసోన్ కెరటిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. మన గోరు, అరచేతి చర్మం, వెంట్రుక మూడింట్లోనూ ఉన్నది అదే కాబట్టి మూడింటికీ ఒకే ఆకు పనిచేస్తుంది. అరచేయి పైపొర వారం పది రోజుల్లో రాలిపోతుంది, రంగూ పోతుంది. వెంట్రుక రాలదు, పెరుగుతుంది. అందుకే తలకు పట్టిన గోరింట పోవడమంటూ ఉండదు, కిందికి జరుగుతుంది.

మన ఆడవాళ్లకు మాత్రం గోరింటంటే చేతులూ కాళ్లే. ఆషాఢం, అట్లతద్ది, పెళ్లి. తలకు ఆకు నూరి పట్టించడం ఉన్నా అది చలువ చేస్తుందని. నలుపు కోసమైతే గుంటగలగరాకు నూనె, కరివేపాకు నూనె, ఉసిరి. ఇవన్నీ జుట్టుకు మంచివే కావచ్చు గానీ, తెల్లబడిన వెంట్రుకను నల్లగా మార్చిన నూనె ఇంతవరకూ పుట్టలేదు. సీసా మీద ఏం రాసి ఉన్నా సరే.

రంగు కోసమే తలకూ గడ్డానికీ గోరింట పెట్టే అలవాటు మన ఊళ్లలో ముస్లిం ఇళ్లది. శుక్రవారం నమాజు వదిలాక మసీదు వాకిట నిలబడితే తెల్లటి టోపీ కింద ఎర్రటి గడ్డాలు నాలుగైనా కనబడతాయి. ఇది సోకు కోసం మొదలైన పని కాదు. నెరిసిన జుట్టుకు రంగు వేసుకోమని ప్రవక్త చెప్పినట్టు హదీసులు చెబుతాయి. తొలి ఖలీఫా అబూబక్ర్ గోరింటలో కతమ్ అనే మరో ఆకు కలిపి పెట్టుకునేవారనీ, ఉమర్ వట్టి గోరింట పెట్టుకునేవారనీ వాటిలో ఉంది. అచ్చమైన నలుపు వద్దన్న మాట కూడా ఉండటంతో చాలామంది పెద్దలు ఎరుపు దగ్గరే ఆగిపోయారు. ఇరాన్‌లో అట్లా ఆగలేదు. అక్కడి స్నానశాలలైన హమామ్‌లలో ముందు గోరింట పట్టించి, కడిగి, దాని మీద నీలి ఆకు ముద్ద పట్టించి నల్లటి జుట్టుతో బయటికి వచ్చేవాళ్లు. పారశీక మర్యాదలు దక్కను దర్బారులకు చేరినప్పుడు సోకులూ వెంట వచ్చాయి. కడపను ఏలిన మయానా నవాబులకు ఇది తెలియని విద్య అయ్యుండదు.

ఇంకా వెనక్కి పోతే ఈజిప్టు. అక్కడి మమ్మీలు కొన్నింటి జుట్టులోనూ గోళ్ల మీదా గోరింట రంగు ఉన్నట్టు పరిశోధకులు రాశారు. యూరప్‌కు ఇది చాలా ఆలస్యంగా తెలిసింది. 19వ శతాబ్దంలో అడెలినా పాటీ అనే ప్రఖ్యాత ఒపెరా గాయని ఎర్రటి జుట్టుతో వేదికెక్కడంతో అక్కడి ఆడవాళ్లు గోరింట వెంటపడ్డారంటారు. వాళ్లకు కావలసింది ఎరుపే. మనకున్న బాధ వాళ్లకు లేదు.

నలుపు కోసం మనవాళ్లు పడ్డ తపన ఎంత పాతదో చెప్పే సాక్ష్యం ఒకటుంది. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో గ్రహాల సంగతులు, వానల సంగతులు చెబుతూ చెబుతూ సుగంధ ద్రవ్యాల అధ్యాయంలో తెల్లజుట్టుకు మందు రాశాడు. అరికెల్ని పుల్లటి ద్రవంలో, ఇనుపపొడితో కలిపి, ఇనుప పాత్రలో ఉడికించి మెత్తగా నూరాలి. తలకు పట్టించి, పైన పచ్చి ఆకులు కప్పి కట్టాలి. కొన్ని గంటల తర్వాత కడిగి, ఉసిరి ముద్ద పట్టించి మళ్లీ ఆకులు కప్పి కట్టాలి. కడిగితే నలుపు. రాయలసీమ మెట్టచేలల్లో పండే అరికలే ఇవి. ఇందులో గోరింట లేదు గానీ మిగతా సరంజామా అంతా ఉంది. ఇనుము, పులుపు, ఉసిరి, తలకు మూత. ఆకుల బదులు షవర్ క్యాపు వచ్చిందన్నమాట. ఉసిరిలోని వగరు ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది. పాతకాలపు రాత సిరా చేసిందీ ఇదే కిటుకుతో. గోరింటాకును ఇనుప బాండలిలో నానబెట్టి, ఉసిరిపొడి, టీ డికాషన్ పోసే ఇల్లాలికి వరాహమిహిరుడు ఎవరో తెలియక్కర్లేదు, చేస్తున్నది మాత్రం ఆయన పనే. ఫలితం నలుపు కాదు, ముదురు గోధుమ. అయినా వట్టి నారింజ కంటే నయం.

ఇక నీలి. కడప జిల్లా చరిత్రలో దీనికున్న చోటు చిన్నది కాదు. 1911 నాటి బ్రిటానికా విజ్ఞాన సర్వస్వం కడప గురించి రాసిన నాలుగు మాటల్లోనే పత్తినీ నీలినీ కలిపి చెప్పింది, ఈ రెండూ ఎక్కువగా ఎగుమతి అవుతాయనీ, పత్తి నొక్కే ఆవిరి మరలు, నీలి తొట్లు ఉన్నాయనీ. పత్తికీ నీలికీ ఈ ప్రాంతపు బేరాల ఊరు ప్రొద్దుటూరు. బంగారానికీ బట్టలకూ ఇప్పుడు రెండో బొంబాయి అనిపించుకుంటున్న ఊరికి అప్పటి అంగడి సరుకు ఇదన్నమాట.

నీలి తొట్టి పని కంపు పని. కోసుకొచ్చిన కట్టల్ని పై తొట్టిలో వేసి, పైన బరువు పెట్టి నీళ్లు పోస్తారు. మద్రాసు ప్రెసిడెన్సీలో చాలాచోట్ల ఆకును ముందు ఎండబెట్టి నానబెట్టేవాళ్లు. నాని, పులిసి, పసుపు కలిసిన ఆకుపచ్చ నీళ్లయితే కింది తొట్టిలోకి వదిలి, గాలి బాగా తగిలేట్టు కర్రలతో బాదుతారు. నురుగు లేస్తుంది, నీళ్లు నీలమవుతాయి. అడుగున పేరుకున్న మడ్డిని కాచి, వడకట్టి, నొక్కి, బిళ్లలుగా కోసి ఆరబెడతారు. పిప్పి మడికి ఎరువు. బిళ్ల మద్రాసు రేవుకు, అక్కడి నుంచి విదేశాలకు. బెంగాల్‌లో నీలి దొరల జులుం మీద 1859లో రైతులు తిరగబడ్డారు, బీహార్‌లోని చంపారన్ గొడవ 1917లో గాంధీని రప్పించింది. మద్రాసు వైపు ఎక్కువచోట్ల రైతు తనంతట తాను వేసి అమ్ముకున్న పంట ఇది. అందుకే దీని మీద ఇక్కడ నాటకాలూ ఉద్యమాలూ లేవు. కథ లేని పంటను జనం తొందరగా మరిచిపోతారు.

మరిపించింది జర్మనీ. 1897లో బాస్ఫ్ కంపెనీ కృత్రిమ నీలిని అమ్మకానికి పెట్టింది. పొలమూ వానా అక్కర్లేని నీలి. పదేళ్లు తిరిగేసరికి తొట్లు ఒక్కొక్కటే ఎండిపోయాయి. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ సరుకు ఆగినప్పుడు దేశంలో నీలి మళ్లీ కాస్త తలెత్తింది, యుద్ధం అయిపోగానే పడుకుంది.

తలకు రంగు కూడా ఆ రసాయన శాలల నుంచే దిగింది. పారా ఫినిలిన్ డయమిన్ అనే పదార్థాన్ని 1863లో రసాయన శాస్త్రవేత్త హాఫ్‌మన్ వర్ణించాడు. జుట్టుకూ బొచ్చుకూ రంగుగా వాడటం ఆ శతాబ్దం చివర్లో మొదలైంది. మన దగ్గర మంగలి అంగట్లోనూ ఇంట్లోనూ చిన్న గిన్నెలో కలిపే నల్లరంగులు ఎక్కువగా దీని మీదే ఆధారపడ్డాయి. అరగంటలో నలుపు. గోరింట పూటంతా చేసే పనిని ఇది అరగంటలో చేస్తుంది కాబట్టి గెలిచింది. కొందరికి మాత్రం నెత్తి దురద, కళ్ల చుట్టూ వాపు. వాళ్లే తిరిగి హెన్నా వైపు వచ్చారు. మహిళా పత్రికల్లో వచ్చే బ్యూటీ చిట్కాలు అప్పటికే పెరుగు, నిమ్మరసం, కోడిగుడ్డు లెక్కలు సిద్ధంగా పెట్టాయి. కోడిగుడ్డు వల్ల రంగుకు ఒరిగేదేమీ లేదు, కడుక్కునేటప్పుడు వాసన తప్ప.

వచ్చినవాళ్లకు అంగట్లో కొత్త ఉచ్చు ఎదురైంది. దాని పేరు బ్లాక్ హెన్నా. గోరింట నల్లగా పండదు. అరగంటలో నల్లరంగు ఇస్తున్నామనే హెన్నా పొడిలో చాలాసార్లు ఉండేది ఆ పారా ఫినిలిన్ డయమిన్ పదార్థమే. ఏది వద్దనుకుని పారిపోయి వచ్చారో అదే ఆకు బొమ్మ ఉన్న కవర్‌లో ఇంటికి వస్తుంది. ఇట్లాంటి రంగుల మీద హెచ్చరిక ముద్రించాలని, ముందు చెవి వెనకో ముంజేతి లోపలివైపో రాసి 24 గంటలు చూడమని చెప్పాలని మన దేశంలో నిబంధన ఉంది. ఆ అక్షరాలు ఎంత సన్నగా ఉన్నా చదవాల్సింది ముందువైపు ఆకు బొమ్మ కాదు, వెనకవైపు ఆ నాలుగు వరుసలు.

అసలు పద్ధతి రెండు కవర్లది. మొదటిది వట్టి గోరింట పొడి. ఎక్కువగా రాజస్థాన్‌లోని సోజత్ నుంచి వస్తుంది, ఆ ఊరి మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు కూడా దొరికింది. రెండోది నీలి ఆకు పొడి. ఇది తొట్టిలో చేసే బిళ్ల కాదు. బిళ్లలోని నీలి అప్పటికే గట్టిపడి ఉంటుంది, నీళ్లలో కరగదు, వెంట్రుకలోకి దూరదు. ఆరబెట్టిన ఆకులోనైతే రంగు ఇంకా పుట్టి ఉండదు. గోరువెచ్చటి నీళ్లతో కలపగానే మొదలవుతుంది. పది పదిహేను నిమిషాల్లో పచ్చటి ముద్ద పైన నీలిచాయ తేలుతుంది, తొట్టి దగ్గరి కంపును గుర్తుచేసే పచ్చివాసన వస్తుంది. అప్పుడే పట్టించాలి. గోరింట మాదిరి రాత్రి కలిపిపెడితే, రంగు గిన్నెలోనే పుట్టి గిన్నెలోనే చస్తుంది. నిమ్మరసమూ దీనికి పనికిరాదు.

గోరింట పెట్టి మూడు నాలుగు గంటలుంచి, షాంపూ లేకుండా కడగాలి. తర్వాత నీలి ముద్ద గంటన్నర. ఎరుపు మీద నీలం కూర్చుంటే నలుపు. ఎరుపు తగ్గితే నీలిచాయ బయటపడుతుంది, నీలి తక్కువైతే గోధుమరంగు దగ్గర ఆగుతుంది. చేతికి ఒకసారి తెలిసేదాకా అటూ ఇటూ అవుతుంది. తుడుచుకోవడానికి పాత తువ్వాలే వాడాలి, మంచిది వద్దు.

కడిగిన వెంటనే అద్దంలో చూసుకుని గాబరా పడేవాళ్లు ఎక్కువ. మొదటిరోజు జుట్టు కాస్త పచ్చగా కొడుతుంది. తొట్టి నీళ్లు గాలి తగిలి నీలమైనట్టే, తల కూడా గాలి తగిలి నల్లబడటానికి ఒకటి రెండు రోజులు తీసుకుంటుంది. ఈలోగా షాంపూ వద్దు. పెళ్లి ఆదివారమైతే గురువారమే కూర్చోవాలి.