మరపును తానే గమనించినప్పుడు: అల్జీమర్స్ తొలి సంకేతాలు, అండమాన్ తెలుగువారు

తెలిసినవారి పేరు నాలుక చివర ఆగిపోవడం, కళ్లజోడు ఎక్కడ పెట్టామో వెతుక్కోవడం ఏ వయసులోనైనా ఉండేవే. అయితే తన జ్ఞాపకశక్తి ఇదివరకటిలా లేదని ఒక వ్యక్తి తానే గమనించి, పరీక్షల్లో మాత్రం ఏ లోపమూ బయటపడని స్థితి ఒకటి ఉంది. వైద్యులు దీనిని స్వీయ గమనికలోని జ్ఞానశక్తి క్షీణతగా పరిగణిస్తున్నారు. బారీ రీస్‌బర్గ్ బృందం 1982లో ప్రకటించిన ఏడు దశల కొలమానంలో రెండో దశ ఇదే. ఫ్రాంక్ జెస్సెన్ నాయకత్వంలోని అంతర్జాతీయ బృందం 2014లో దీనికి ఉమ్మడి నిర్వచనం ఇచ్చింది.

అల్జీమర్స్ వ్యాధిలో అమిలాయిడ్ అనే ప్రోటీన్ మెదడులో పేరుకోవడం, లక్షణాలు పైకి కనబడటానికి పదేళ్లకు పైగా ముందే మొదలవుతుంది. ఆ మధ్యకాలంలో మార్పును మొదట పసిగట్టేది తరచుగా ఆ మనిషే. ఇంట్లోవారు "వయసు కదా" అని తేలికగా తీసుకుంటారు. వ్యాధి ముదిరాక పరిస్థితి తిరగబడుతుంది. లోపం చుట్టూ ఉన్నవారికి స్పష్టంగా తెలుస్తుంది, రోగి మాత్రం తనకేమీ లేదంటారు. తొలి ఫిర్యాదును వినడం ముఖ్యమనేది ఇందువల్లనే.

ప్రతి మరపూ వ్యాధి కాదు. ఇలా ఫిర్యాదు చేసేవారిలో అత్యధికులకు డిమెన్షియా రాదు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ కొరత, కుంగుబాటు, నిద్రలేమి, కొన్ని నిద్రమాత్రలు, వినికిడి తగ్గడం కూడా ఇదే విధంగా కనిపిస్తాయి. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. మార్పు 60 ఏళ్లు దాటాక, గత అయిదేళ్లలో మొదలై, ప్రధానంగా జ్ఞాపకశక్తికి సంబంధించినదై, మానకుండా కొనసాగుతూ, ఆ మనిషిని కలవరపెడుతుంటే మరింత శ్రద్ధ అవసరం. దగ్గరివారు కూడా అదే మార్పును గమనించి ఉంటే అనుమానం బలపడుతుంది.

అండమాన్ నికోబార్ దీవుల్లో ఈ విషయానికి భాషాపరమైన కోణం ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభా సుమారు 3.8 లక్షలు, అందులో దాదాపు 13 శాతం తెలుగు మాతృభాషగా గలవారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలే ఇందులో ఎక్కువ. వీరికి ఇంట్లో తెలుగు, బజారులో, కార్యాలయంలో హిందీ. చదువు తక్కువైన పెద్దలను హిందీలోనో ఇంగ్లీషులోనో పరీక్షిస్తే, లేని లోపం ఉన్నట్లు తేలవచ్చు. భారత వైద్య పరిశోధన మండలి రూపొందించిన జ్ఞానశక్తి పరీక్షల సంపుటి తెలుగుతో సహా అయిదు భారతీయ భాషల్లో ఉంది. వైద్యులను తెలుగులో పరీక్షించమని కోరడం గొంతెమ్మ కోరిక కాదు.

బహుభాషల వాడుక మేలు చేస్తుందా అనే ప్రశ్నకు హైదరాబాదు నిమ్స్ నుంచి ఒక జవాబు వచ్చింది. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవారిలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. అక్షరాస్యులు కానివారిలోనూ ఈ తేడా కనిపించింది. రెండుకు మించిన భాషల వల్ల అదనపు లాభం మాత్రం లేదు. తరువాతి అధ్యయనాలన్నీ దీనితో ఏకీభవించలేదు కనుక, రెండు భాషలు వచ్చు గదా అని నిశ్చింతగా ఉండిపోవడం సరికాదు.

మరో చిక్కు, పిల్లలు చదువులకో ఉద్యోగాలకో మెయిన్‌ల్యాండ్‌లో ఉండటం. వారానికోసారి ఫోనులో పలకరించే కొడుకుకు, పక్కింటివారికి తెలిసినంత కూడా తెలియకపోవచ్చు. అందువల్ల వైద్యుని వద్దకు రోజూ చూసే మనిషిని వెంట తీసుకెళ్లాలి. వాడుతున్న మందులన్నీ, మార్పు ఎప్పటినుంచి మొదలైందో రాసిన కాగితం దగ్గర ఉంచుకోవాలి. పూర్వం పోర్ట్ బ్లెయిర్‌గా పిలిచిన శ్రీ విజయపురంలోని జి.బి. పంత్ ఆసుపత్రిలో ముందుగా రక్తపరీక్షలు, రక్తపోటు, మధుమేహ పరీక్షలు చేయించుకోవచ్చు. కుంగుబాటు, ఆందోళన ఉంటే టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు. తొలి పరీక్షలో ఏమీ తేలకపోయినా, ఏడాది తరువాత అదే భాషలో, అదే పరీక్షను మళ్లీ చేయించుకుంటే రెండింటినీ పోల్చి చూడటం వైద్యులకు సాధ్యమవుతుంది.