దిగులు – గుండె: ఒక సంబంధం కథ

దుఃఖం కలిగితే ‘గుండె చెరువైంది’ అంటాం. భయం వేస్తే ‘గుండె జారింది’ అంటాం. మనసుకూ గుండెకూ ఉన్న ఈ సంబంధం మాటవరసకేనా? శాస్త్రం కూడా ఒప్పుకున్నదా? ఆ చరిత్రను ఈ పాఠంలో తెలుసుకుందాం.

గుండెజబ్బుకు కారణాలలో శోకాన్ని చరకసంహిత ఏనాడో పేర్కొంది. ఆంగ్లేయులు సూరత్‌లో వర్తక స్థావరం నెలకొల్పింది 1613లో. ఆ తర్వాత పదిహేనేళ్ళకు, 1628లో, లండన్ వైద్యుడు విలియం హార్వే రక్తప్రసరణను వివరిస్తూ, మనసులోని ఆశాభయాల ప్రభావం గుండె దాకా వెళుతుందని రాశాడు. అయితే ఇవి పరిశీలనలే, లెక్కలు కావు.

లెక్కలు 20వ శతాబ్దంలో వచ్చాయి. న్యూయార్క్ రాష్ట్ర మానసిక వైద్యశాలల్లో తీవ్రమైన కుంగుబాటు రోగులలో గుండెజబ్బు మరణాలు ఎక్కువని 1937లో బెంజమిన్ మాల్జ్‌బర్గ్ చూపాడు. 1993లో మాంట్రియల్‌లో నాన్సీ ఫ్రేజర్-స్మిత్ బృందం గుండెపోటు వచ్చిన 222 మందిని ఆరు నెలలు గమనించింది. కుంగుబాటు ఉన్నవారికి మరణం ముప్పు మూడు రెట్లకు పైగా ఉన్నట్లు తేలింది. 52 దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో మానసిక ఒత్తిడిని గుండెపోటు ముఖ్య కారణాలలో చేర్చింది.

ఇలా ఎందుకు జరుగుతుంది? దీర్ఘకాలపు దిగులులో ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. రక్త ఫలకికలు త్వరగా అతుక్కుంటాయి. రోగి మందులు మానేస్తాడు, నడక తగ్గిస్తాడు, పొగాకు ఎక్కువ చేస్తాడు. ఐతే ఒక హెచ్చరిక: 2003లో వెలువడిన ఎన్‌రిచ్డ్ పరిశోధనలో చికిత్సతో కుంగుబాటు తగ్గింది గానీ మరణాలు తగ్గలేదు. కాబట్టి మనసుకు చికిత్స గుండె మందుకు బదులు కాదు, రెండూ కావాలి.

మళ్ళీ సూరత్‌కు వద్దాం. తెలంగాణ నుంచి వలస వెళ్ళిన పద్మశాలీలెందరో అక్కడి మరమగ్గాలపై బతుకుతున్నారు. పన్నెండు గంటల షిఫ్టు, చెవులు దిమ్మెక్కే హోరు, సొంత ఊరికి దూరం. అలాంటి చోట నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఇష్టం లేకపోయినా ‘అలసట’ అని సరిపెట్టుకోవడం తేలిక. ఛాతీనొప్పి అయితే డాక్టరుకు చెబుతాం. దిగులును చెప్పుకోవడానికి సిగ్గుపడతాం.

చరిత్ర నేర్పేది ఇదే. గుండెపోటు నుంచి కోలుకుంటున్న పెద్దవారు మీ ఇంట్లో ఉంటే, ‘మాత్ర వేసుకున్నారా?’ అని అడగండి. ‘మనసెలా ఉంది?’ అని కూడా అడగండి. 2022లో ప్రారంభమైన టెలి-మానస్ నంబరు 14416ను గుర్తుంచుకోండి.