లెక్క చెప్పనివాని చుట్టాలు

కాంచీపురం శాఖలో పనిచేసిన మూడేళ్ళలో ఉత్తరమేరూరుకు ముప్ఫైసార్లైనా వెళ్ళి ఉంటాను. పంటరుణాల తనిఖీకి వెళ్ళడం, చెరువు కింద పొలాలు చూడడం, చీకటి పడేలోగా తిరిగిరావడం, అంతే. అక్కడి వైకుంఠ పెరుమాళ్ కోవెల గోడల మీద ఏముందో తెలుసుకోవాలని అప్పట్లో తోచలేదు. ఇన్నేళ్ళ తర్వాత మా తెలుగు సంఘం తగవొకటి నా దాకా వచ్చినప్పుడు ఆ గోడలు గుర్తుకొచ్చాయి.

తగవు చిన్నదే. మా సంఘానికి ఒక హాలు ఉంది. ఆదివారాలు పిల్లలకు అక్షరాలు నేర్పుతాం, ఉగాదికి పంచాంగ శ్రవణం పెడతాం. పని చేసేవారికెవరికీ జీతం బత్తెం లేదు. మా ఆవిడ అన్నగారు ఆరేళ్ళు కోశాధికారి. చివరి రెండేళ్ళకు లెక్కలు అప్పగించలేదు. ఎవరూ అడగనూ లేదు. ఊరికే చేస్తున్న పెద్దమనిషిని లెక్క అడగడం మర్యాదా అన్నారు. ఈసారి నలుగురు పెద్దలు మా ఇంటికి వచ్చి, "మీరు బ్యాంకువారు, ఆ పదవి మీరు తీసుకుంటే పాతదంతా సర్దుకుపోతుంది" అన్నారు. సర్దుకుపోవడం అనే మాటకు మా బ్యాంకులో ఇంకో పేరుంది, సస్పెన్సు ఖాతా. అయినా దాదాపు ఒప్పుకున్నాను.

ఆ వారంలోనే ఉత్తరమేరూరు శాసనాల అనువాదం తీసి చదివాను. ఎపిగ్రాఫిస్టు వెంకయ్యగారు వాటిని వివరంగా చర్చించి 1904-05 నాటి పురావస్తు శాఖ వార్షిక నివేదికలో ప్రకటించారు. రెండు శాసనాలూ మొదటి పరాంతక చోళుని కాలానివి. ఒకటి సుమారు 919, రెండవది 921. రెండేళ్ళలో రెండోసారి నియమాలు రాసుకున్నారంటే మొదటివి చాలలేదన్నమాట. వయసు హద్దు మొదటిదానిలో 30 నుంచి 60, రెండవదానిలో 35 నుంచి 70. అనుభవం మీద దిద్దుకున్న నిబంధనావళి ఇది. రెండుసార్లూ రాజోద్యోగి ఒకడు దగ్గర కూర్చున్నాడు గాని, తీర్మానం చేసింది మాత్రం గ్రామ మహాసభ.

ఊరిని ముప్ఫై కుడుంబులుగా, అంటే వార్డులుగా చేశారు. అర్హులైనవారి పేర్లు తాటాకు ముక్కల మీద రాసి, వార్డువారీగా కట్టలు కట్టి కుండలో వేస్తారు. కుండను తమిళంలో కుడం అంటారు, ఆకును ఓలై అంటారు. అందుకే దీని పేరు కుడవోలై. పిన్నా పెద్దా అంతా కూడిన సభలో, అర్చకులలో వృద్ధుడు ఆ కుండను అందరికీ కనపడేటట్టు పైకెత్తి నిలబడతాడు. లోపల ఏముందో తెలియని పిల్లవాడొకడు ఒక కట్ట తీస్తాడు. దాన్ని వేరే కుండలో పోసి కుదిపి, అందులోంచి ఒక్క ఆకు తీసి మధ్యస్థునికిస్తాడు. మధ్యస్థుడు అయిదు వేళ్ళూ చాచి, తెరిచిన అరచేతిలో దాన్ని అందుకోవాలి. వేళ్ళ సందున ఇంకో ఆకు దాచుకొని మార్చేవాళ్ళు ఆనాడూ ఉన్నారని దీన్నిబట్టి నాకర్థమైంది. మా క్యాష్ కౌంటరులో నోట్లు లెక్కించే పద్ధతులకు ఇది తాతలాంటిది. మధ్యస్థుడు పేరు చదవాలి, అర్చకులందరూ చదవాలి, ఆ తర్వాతే ఒప్పుకోలు.

అలా వచ్చిన ముప్ఫైమందిలో విద్యలోనూ వయసులోనూ పెద్దలు, ఇదివరకు తోట, చెరువు పనులు చూసినవాళ్ళు పన్నెండుమంది సంవత్సర వారియం. ఇంకో పన్నెండుమంది తోట వారియం, మిగిలిన ఆరుగురు ఏరి వారియం, అంటే చెరువు కమిటీ. బంగారం నాణ్యం చూసేందుకు పొన్ వారియం వేరే ఉంది. పదవి 360 రోజులు. గత మూడేళ్ళలో ఏ వారియంలోనైనా ఉన్నవానికి మళ్ళీ అవకాశం లేదు. తప్పు చేసినట్టు తేలితే గడువు దాకా ఆగకుండా దింపేస్తారు. ఈ సభ్యులకు జీతమన్న మాట ఆ రెండు శాసనాలలోనూ కనపడదు.

ఇదంతా చూసి ప్రజాస్వామ్యమని మురిసిపోవడానికి లేదు. అది బ్రాహ్మణ అగ్రహారం. కుండలో పేరు పడాలంటే పన్ను కట్టే సొంత భూమి పావు వేలికి మించి ఉండాలి, సొంత స్థలంలో ఇల్లుండాలి, వేదం తెలిసి ఉండాలి. ఒక వేదమూ, ఒక భాష్యమూ చెప్పగలిగితే అరపావు వేలి చాలు. ఆ పొలాలు దున్నినవాని పేరు ఏ కుండలోనూ పడలేదు. ఆడవాళ్ళ ఊసే లేదు.

అయినా అనర్హుల జాబితా దగ్గర నా పెన్సిలు ఆగిపోయింది. పంచమహాపాతకాలు చేసినవాళ్ళు, దొంగలు, తినరానిది తిన్నవాళ్ళు అందులో ఉన్నారు. కాని వీళ్ళందరికంటే ముందు రాసింది, ఏదో ఒక వారియంలో ఉండి లెక్క అప్పగించనివాణ్ణి. వాణ్ణే కాదు, వాని చుట్టాలనూ వరసపెట్టి చెప్పారు. పెత్తల్లి, పినతల్లి కొడుకులు, మేనత్త కొడుకులు, మేనమామ కొడుకులు, మేనమామలు, తండ్రి తోబుట్టువులు, అన్నదమ్ములు, మామగారు, భార్య తోడబుట్టినవాడు, తోబుట్టువు భర్త, మేనల్లుళ్ళు, అల్లుడు, తండ్రి, కొడుకు.

తోబుట్టువు భర్త! అంటే నేనే.

చుట్టాలను కూడా కట్టెయ్యడం అన్యాయమని మొదట కోపం వచ్చింది. నా తప్పేముంది? తర్వాత ఆలోచిస్తే, మా ఇంటికి వచ్చిన నలుగురూ నన్నెందుకు అడిగారో తెలిసింది. బ్యాంకువాణ్ణని కాదు, బావనని. నేను కూర్చుంటే పాత పుస్తకాలు తెరవనని వాళ్ళ ధీమా. ఆ సంగతి వెయ్యేళ్ళ క్రితం ఎవరో ఊహించి గోడకెక్కించారు. లెక్కలు రాసే కరణానికీ అదే శాసనంలో ఒక నియమం ఉంది. తాను రాసిన లెక్క తానే ఒప్పజెప్పాలి. ఇంకో కరణం వచ్చి దాన్ని ముగించకూడదు.

మరో మాట. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో గ్రామ పంచాయతీల సవరణ చర్చకు వచ్చినప్పుడు టంగుటూరి ప్రకాశం పంతులుగారు ఈ ఉత్తరమేరూరు శాసనాన్నే ప్రస్తావించారు. సంతానంగారు ప్రవేశపెట్టిన ఆ సవరణే 40వ అధికరణం. ఆ తర్వాత 1993లో అమలులోకి వచ్చిన 73వ సవరణ ఎంత మార్చిందన్నది వేరే వ్యాసం.

నేను పెద్దలతో పదవి వద్దన్నాను. బావగారి దగ్గరకు వెళ్ళి ఆయన లెక్క ఆయనే చెప్పాలన్నాను. ఇంట్లో మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజు మా ఆవిడ, "మా అన్నయ్యను ఒక మాట అడగడానికి మీకు వెయ్యేళ్ళ నాటి రాయి కావలసివచ్చిందా?" అంది. నిజమే.

మూడు ఆదివారాలు ఆయనా నేనూ పాత సంచీలోని చీటీలు పరుచుకొని కూర్చున్నాం. సంఘం సొమ్ము ఆయన తినలేదు. హాలు కరెంటు బిల్లులు కొన్ని తన జేబులోంచి కట్టి, అడగడానికి మొహమాటపడ్డారు. అలాగే 4,300 రూపాయల ఖర్చుకు వోచరు దొరకలేదు. ఆ రెండింటినీ ఒకదానికొకటి కొట్టేద్దామన్నారు. కుదరదన్నాను. సర్వసభ్య సమావేశంలో ఆయనే నిలబడి, కళ్ళద్దాలు సర్దుకొని, ఆ రెండు పద్దులూ విడివిడిగా చదివారు. నేను వెనక వరసలో కూర్చున్నాను. వోచరు లేని మొత్తం సంగతి తేల్చడం వచ్చే సమావేశానికి వాయిదా వేశారు.