పసుపు మీద పసుపు అక్షరాలు

డ్రైవ్‌లో సీడీ గుర్రుమంటూ తిరుగుతోంది. ఒకే ఫోల్డరు, అందులో ఇండెక్స్ అనే ఫైలు. దాని మీద క్లిక్ చేయగానే, నేను హైస్కూల్లో ఉండగా చేసిన వెబ్‌సైటు ఇవాళ్టి బ్రౌజర్లో తెరుచుకుంటుంది.

నిండు పసుపు రంగు పేజీ. పైన ఎర్రటి అక్షరాలు కుడి నుంచి ఎడమకు పరుగెడుతున్నాయి. అది మార్కీ ట్యాగ్ పని. కాలం చెల్లిందని పక్కన పెట్టేసినా బ్రౌజర్లు దాన్ని ఇంకా నడిపిస్తూనే ఉన్నాయి. మిణుకుమిణుకుమనాల్సిన మాట మాత్రం కదలడం లేదు. బ్లింక్ ట్యాగ్‌ను ఫైర్‌ఫాక్స్ కూడా 2013లో వదిలేసింది. పార పట్టిన కూలీ బొమ్మ మాత్రం ఆగకుండా మట్టి తవ్వుతోంది.

కింద అమ్మమ్మ చెప్పిన పొడుపు కథలు. డీటీపీ సెంటర్లో అను ఫాంటుతో కొట్టించి ఫ్లాపీలో తెచ్చుకున్నవి. ఈ కంప్యూటర్లో ఆ ఫాంటు లేదు. అందుకే తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తున్నాయి. ప్రతి ప్రశ్న కింద ఖాళీగా ఉన్న చోట మౌస్ పట్టి లాగుతాను. పసుపు మీద పసుపు రంగుతో దాచిన జవాబు పైకి తేలుతుంది. అదీ చదవడానికి రాదు. అయినా మొదటిది ఉల్లిపాయ గురించేనని తెలుసు. అమ్మమ్మ ఎప్పుడూ దాంతోనే మొదలుపెట్టేది.

అప్పట్లో ఈ పేజీ జియోసిటీస్‌లో ఉండేది. 1999లో యాహూ కొన్న ఆ ఉచిత వేదిక 2009 అక్టోబరులో మూతపడింది. నాకు మిగిలింది ఈ సీడీ.

నోట్‌ప్యాడ్ తెరుస్తాను. మొదటి వరుసల్లోనే భాష తెలుగు అని, అక్షరాలు యూటీఎఫ్-8 అని రాస్తాను. ఉల్లిపాయ పొడుపు కథను ఈసారి యూనికోడ్‌లో టైపు చేసి సేవ్ కొడతాను. బ్రౌజర్ రిఫ్రెష్ చేయగానే అచ్చమైన తెలుగు! ఏ డీటీపీ సెంటరూ అక్కర్లేదు, చదివేవాళ్ళు ఏ ఫాంటూ దింపుకోనక్కర్లేదు.

దగ్గరగా చూస్తే 'అమ్మమ్మ'లోని మ ఒత్తులు కింది వరుసలోని గుడులకు తగులుతున్నాయి. ఇంగ్లిష్‌కు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలదు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, రెండింటికీ చోటు కావాలి. ఆ ఎడాన్ని 1.2 నుంచి 1.8కి పెంచుతాను. పేజీ ఊపిరి పీల్చుకుంటుంది.

ఒకప్పుడు బొమ్మ పక్కన మాట నిలబెట్టాలంటే టేబుల్, దానిలో ఇంకో టేబుల్. ఇప్పుడు పేజీ అమరికకు సీఎస్ఎస్‌లో గ్రిడ్ ఉంది. 2017లో పెద్ద బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చింది. రెండు వరుసల సీఎస్ఎస్‌తో పేజీ కుదురుకుంటుంది. ఇంకో రెండు వరుసలు రాస్తే ఫోన్‌లోనూ ఒదుగుతుంది.

ఇక జవాబు దాచాలి. రంగులతో పనిలేదు. డీటెయిల్స్ ట్యాగ్ వేసి, అందులో సమ్మరీ ట్యాగ్ మధ్య ప్రశ్న రాసి, దాని కింద జవాబు పెడతాను. ప్రశ్న పక్కన చిన్న త్రికోణం వస్తుంది. వేలితో తాకగానే 'ఉల్లిపాయ' కిందికి దిగుతుంది. జావాస్క్రిప్ట్ ఒక్క ముక్క లేదు. కళ్ళు కనిపించనివారికి పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా ఇక్కడో జవాబు దాగి ఉందని చెబుతుంది. పసుపు మీద పసుపుకు ఆ మర్యాద తెలియదు.

సొంత పేజీ చేసుకోవడానికి కావాల్సింది ఇప్పటికీ ఒక నోట్‌ప్యాడ్, ఒక బ్రౌజర్. మీ ఇంట్లో పొడుపు కథలు, వంటలు, ఊరి ముచ్చట్లు చెప్పే పెద్దవాళ్ళుంటే ఈ ఆదివారమే కూర్చోండి. యూనికోడ్ తెలుగులో రాయండి, ఒత్తులకు చోటివ్వండి, ఫైలు కాపీ ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి.