ట్యాంకు నుండి జెట్టు వరకు: పాత జపాను మోటారు సైకిలులో పెట్రోలు దారి

చోడవరము నుండి దేవరాపల్లి ప్రాంతమునకు పోవువారికి చెరకు తోటలు, వరిమళ్లు, వాటి వెనుక అనంతగిరి కొండలు కనబడును. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్టణము జిల్లాలో ఉండి, ఆ పిదప అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ మండలమున శారదా నదిపై రైవాడ జలాశయము కలదు. ఇట్టి పల్లపు నేల, కొండవాలు కలిసిన చోట్ల పాత మోటారు సైకిళ్లకు తరచుగా పట్టు జబ్బు ఒకటున్నది. 1980 దశకము నాటి జపాను నమూనా బండి పల్లములో చక్కగా పరుగెత్తును. మెరక ఎక్కుట మొదలిడిన కొద్ది నిమిషములకే మిస్ కొట్టి ఆగిపోవును. పది నిమిషములు నిలిపి కిక్కు కొట్టినచో మరల కదలును, మరల ఆగును. ట్యాంకులో పెట్రోలు నిండుగానే ఉండును. ప్లగ్గులో నిప్పురవ్వ బాగుగానే పడుచుండును. యజమాని మొదట ప్లగ్గు మార్చును, తరువాత కాయిలు మార్చును, ఆ తరువాత కార్బ్యురేటరునే మార్పించును. డబ్బు వదలును గాని జబ్బు వదలదు.

ఈ జబ్బు గుట్టు తెలియవలెనన్న ట్యాంకు నుండి ఇంజనుకు పెట్రోలు నడచు దారి తెలియవలెను. ఆ దారి ఒక్కనాడు ఏర్పడినది కాదు.

జర్మనీలో గాట్లీబ్ డైమ్లరు, విల్‌హెల్మ్ మేబాక్ అను ఇంజనీర్లు 1885లో కొయ్య చట్రముతో మొదటి పెట్రోలు ద్విచక్ర వాహనమును తయారు చేసిరి. అందు పెట్రోలును చిమ్ముట లేదు. పెట్రోలు ఉపరితలమునకు గాలిని తగిలించి, లేచిన ఆవిరిని ఇంజనులోనికి పంపెడివారు. ఎండ హెచ్చినను తగ్గినను ఆవిరి పాలు మారిపోవుచుండెను. 1893లో మేబాక్ సన్నని గొట్టము ద్వారా పెట్రోలును గాలిలోనికి చిమ్మించు పద్ధతిని కనిపెట్టెను. అదే యేట హంగరీ దేశస్థులైన బాంకి, చోంకా అను ఇద్దరు అట్టిదే ఒక సాధనమును రూపొందించిరి. పూలమ్మే పిల్ల పూలపై నీరు చిమ్ముకొనుట చూచి వారి కీ ఊహ తట్టినదని ఒక కథ ప్రచారములో ఉన్నది. కథ నిజమైనను కాకున్నను సూత్రము మాత్రము అదియే.

ఆ సూత్రము ఇంజనులకంటె చాల పాతది. వేగముగా పోవు ప్రవాహమునందు పీడనము తగ్గునని డేనియల్ బెర్నూలీ 1738లో వెలువరించిన గ్రంథమున చూపెను. గొట్టమును నడుమ సన్నము చేసినచో అచట వేగము హెచ్చి పీడనము తగ్గుటను ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచూరి 1797లో వర్ణించెను. కార్బ్యురేటరు గొంతు ఇట్టి సన్నని చోటే. పిస్టను గాలిని లాగునపుడు ఆ గొంతులో పీడనము తగ్గును. క్రింద ఫ్లోటు గిన్నెలో నున్న పెట్రోలుపై మాత్రము బయటి గాలి పీడనము పూర్తిగా ఉండును. ఈ రెంటి తేడాయే పెట్రోలును జెట్టు రంధ్రము గుండా పైకి త్రోయుచున్నది. ఇంజను పెట్రోలును పీల్చుకొనునని వాడుకలో అందుము గాని, నిజమునకు త్రోయునది వాతావరణమే. ఇది గుర్తుంచుకొనినవారికి ముందు చెప్పబోవు విషయము సగము తెలిసినట్లే.

ఈ పరికరము జపాను చేరిన తీరు విచిత్రమైనది. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట ఆ దేశములో పెట్రోలు కరవు తీవ్రముగా ఉండెను. 1946లో హమామత్సు పట్టణమున సొయిచిరో హోండా సైన్యము వదలివేసిన రేడియో జనరేటర్ల చిన్న ఇంజనులను కొని సైకిళ్లకు అమర్చెను. మొదటి నమూనాలో పెట్రోలు ట్యాంకుగా అమర్చినది చలికాలమున పరుపులో పెట్టుకొను వేడినీటి సీసా! పెట్రోలు చాలక దేవదారు జాతి చెట్ల వేళ్ల నుండి తీసిన టర్పెంటైను అందు కలిపెడివారు. అనగా వేరొక ద్రవమును పెట్రోలులో కలుపుట, దానివలన బండి మొండికేయుట నేటి సమస్య మాత్రమే కాదు. జపాను మోటారు సైకిలు పుట్టుకలోనే ఉన్నది. 1948లో హోండా సంస్థ ఏర్పడెను. 1958లో సూపర్ కబ్ వచ్చెను. 1969లో వచ్చిన సీబీ 750కి నాలుగు సిలిండర్లు, నాలుగు కార్బ్యురేటర్లు. మరొక ప్రక్క మికునీ సంస్థ 1960 దశకారంభమున ఇంగ్లండులోని ఆమల్ కంపెనీ నుండి అనుమతి పొంది కార్బ్యురేటర్లు చేయసాగెను. గుండ్రని స్లైడు, దాని క్రింద వ్రేలాడు సూది గల ఆ నమూనాయే తరువాత మన దేశపు వీధులలోనికి వచ్చినది.

1983లో రాజ్‌దూత్ 350 పేరుతో యమహా నమూనా ఒకటి మన దేశములో తయారయ్యెను. తెలుగువారు హెచ్చుగా నివసించు హోసూరులో 1984లో ఇండ్-సుజుకి 100 సీసీ బండి వెలువడెను. 1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చెను. వీటిలో హోండా నాలుగు స్ట్రోకులది. తక్కినవి రెండు స్ట్రోకులవి. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయినను దాని మీద మోజు ఆగలేదు.

ఈ చిన్న బండ్లలో పెట్రోలును ట్యాంకు నుండి కార్బ్యురేటరుకు నెట్టుటకు పంపు లేదు. తూము తెరువగా జలాశయపు నీరు కాలువలోనికి దిగినట్లు, భూమ్యాకర్షణ చేతనే పెట్రోలు దిగవలెను. ట్యాంకు అడుగునకు, ఫ్లోటు గిన్నెకు నడుమ ఎత్తు సుమారు ఒక జానెడు, అనగా ఇరువది సెంటీమీటర్లనుకొందము. దారి నంతటిని నడిపించునది ఈ జానెడు ఎత్తు పెట్రోలు బరువే.

ఇపుడు కొంచెము లెక్క వేయవలెను. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో, లీటరుకు 40 కిలోమీటర్లు పోవు బండికి గంటకు లీటరున్నర, అనగా నిమిషమునకు 25 మిల్లీలీటర్ల పెట్రోలు కావలెను. యాక్సిలరేటరు పూర్తిగా త్రిప్పి మెరక ఎక్కునపుడు ఇది రెట్టింపు కావచ్చును. కాక్ తెరచి గొట్టమును సీసాలోనికి వదలినచో ఆరోగ్యముగా నున్న కాక్ దీనికి కొన్ని రెట్లు ధారగా ఇచ్చును. కావున కాక్ సగము పూడినను పల్లములో ఏమియు తెలియదు. రాబడికంటె ఖర్చు హెచ్చినపుడే, అనగా మెరకలోనే, ఫ్లోటు గిన్నె ఎండిపోవును. నిలిపి ఉంచినచో గిన్నె మెల్లగా నిండును. బండి మరల కదలును.

అయితే కాక్ శుభ్రముగా ఉన్నను ఇదే లక్షణము కనబడుట కలదు. దీని కారణము ట్యాంకు మూతలో ఉండును. నూనె డబ్బాకు ఒక్క చిల్లు పొడిచిన నూనె సరిగా రాదు. రెండవ చిల్లు కావలెనని ప్రతి కిరాణా దుకాణదారునకు తెలియును. ప్రయోగశాలలో పిపెట్టు పైకొనను వ్రేలితో మూసినచో ద్రవము దిగకుండుటయు ఇట్టిదే. ట్యాంకు మూతలో సన్నని గాలి రంధ్రమున్నది. దుమ్ము చేతనో, త్రుప్పు చేతనో అది పూడినచో ఏమగునో బాయిల్ 1662లో తెలిపిన నియమముతో చూడవచ్చును.

ట్యాంకులో పెట్రోలు పైన 5 లీటర్ల ఖాళీ ఉన్నదనుకొందము. మూడు నిమిషములలో 75 మిల్లీలీటర్ల పెట్రోలు దిగిపోగా 5,000 మిల్లీలీటర్ల గాలి 5,075 మిల్లీలీటర్ల చోటులోనికి విస్తరించును. పీడనము నూటికి ఒకటిన్నర వంతు తగ్గును. వాతావరణ పీడనము సుమారు 1,033 సెంటీమీటర్ల ఎత్తు నీటికి సమానము. అందు ఒకటిన్నర శాతమనగా పదిహేనున్నర సెంటీమీటర్ల నీరు. పెట్రోలు నీటికంటె తేలిక గనుక అది ఇంచుమించు 21 సెంటీమీటర్ల పెట్రోలుతో సమానము. మన జానెడు ఎత్తు దీనికే సరిపోయినది! పెట్రోలు దిగుట ఆగిపోవును.

ట్యాంకు నింపించి ఖాళీ ఒక్క లీటరే మిగిలినచో ఇదే స్థితి 40 సెకండ్లలోపలనే వచ్చును. అనగా మూత పూడిన బండి ట్యాంకు నిండుగా ఉన్నపుడే త్వరగా ఆగును. యజమానికి ఇది మరింత అయోమయము. (పెట్రోలు ఆవిరి కూడ ఖాళీలో చేరి పీడనమును కొంత నిలుపును గనుక నిజమైన బండిలో కొంత ఆలస్యమగును; ఫ్లోటు గిన్నెలోని పెట్రోలు ఇంకొంత దూరము లాగును. లెక్క తీరు మాత్రము మారదు.) పరీక్ష అతి సులభము. బండి ఆగిన వెంటనే మూత తెరువవలెను. గాలి లోనికి పోవు చప్పుడు వినబడి, బండి వెంటనే బాగుపడినచో దోషము దొరికినట్లే. ఖర్చు ఒక్క పైసా లేదు. ఎందరో కార్బ్యురేటరు మార్చిన తరువాత గాని మూత వైపు చూడరు.

మూత దోషము లేదని తేలిన పిదప దిగువకు రావలెను. కాక్‌లో నిలువుగా రెండు దారులుండును: పొడవైన గొట్టము మామూలు వాడుకకు, అడుగున నున్నది రిజర్వుకు. పెట్రోలు గొట్టము కొన కంటె దిగిన తరువాత రిజర్వుకు త్రిప్పవలెను. ట్యాంకు అడుగున చేరు త్రుప్పు, నీరు, ఇసుక రిజర్వు దారినే మొదట పట్టుకొనును. కావున రిజర్వులో మాత్రమే మిస్ కొట్టు బండికి ట్యాంకు కడుగుట అవసరము. పెట్రోలు పూర్తిగా అయిపోయినపుడు బండిని ఒక ప్రక్కకు వంచి మరికొంత దూరము నడుపు అలవాటు మనవారి కందరకు కలదు. అందు శాస్త్రమున్నది. చట్రము పైన కూర్చుండునట్లు ట్యాంకు అడుగు జీను ఆకారమున ఉండును. కాక్ లేని వైపు లోయలో మిగిలిన పెట్రోలు బండి వంచినపుడు దిబ్బ దాటి ఇవతలకు పడును.

కాక్ తరువాతది రబ్బరు గొట్టము. పాతబడినది లోపల ఉబ్బి, బయటికి చక్కగా కనబడుచునే దారి ఇరుకు చేయును. కొందరు మంచిదని నడుమ ఫిల్టరు బిగింతురు. జానెడు ఎత్తు తప్ప వేరు బలము లేనిచోట కారుకై చేసిన ఫిల్టరు మేలుకంటె కీడే చేయవచ్చును. గొట్టము వంపు తిరిగినచో గాలి బుడగ కూడ చిక్కుకొనును.

గొట్టము నుండి ధార బాగుగా వచ్చి, గిన్నె మాత్రము ఎండుచున్నచో తప్పు ఫ్లోటు సూదిది. మేడపై నీటి తొట్టిలోని బంతివలె ఫ్లోటు తేలి సూదిని పైకి నొక్కి దారి మూయును. సూది అతుకుకొనినచో పెట్రోలు రాదు. అరిగినచో పొంగి పొరలును. గిన్నె నిండుగా ఉండియు బండి లాగకున్నచో జెట్టు పూడినది. నిదానముగా నడచి వేగమందుకొనని బండికి మెయిన్ జెట్టు, వేగముగా నడచి నిలిపినపుడు ఆగిపోవు బండికి పైలట్ జెట్టు చూడవలెను. చోక్ కొంచెము లాగగనే బండి బాగుపడినచో పెట్రోలు తక్కువైనదని రూఢియగును.

ఇచట ఒక చెడ్డ అలవాటు గురించి చెప్పక తప్పదు. పూడిన జెట్టును సన్నని ఇనుప తీగతో పొడుతురు. రంధ్రపు వైశాల్యము వ్యాసపు వర్గమును బట్టి మారును. ఒక మిల్లీమీటరు రంధ్రము తీగ రాపిడికి పదింట ఒక వంతు పెరిగినచో వైశాల్యము నూటికి 21 వంతులు హెచ్చును. ద్రావకముతో కడిగి గాలి కొట్టుటయే పద్ధతి.

పెట్రోలు తక్కువగుట వలన బండి ఆగుటతో పోయిన అదృష్టమే. పెట్రోలులోనే నూనె కలిపి పోయు రెండు స్ట్రోకుల ఇంజనుకు పెట్రోలు తగ్గినచో నూనెయు తగ్గును. వేడి హెచ్చి పిస్టను సిలిండరులో పట్టివేయును. వెనుక చక్రము బిగిసిపోవును. ఘాట్ రోడ్డులో అది మనిషి ప్రాణమునకే ముప్పు.

ఈ ప్రమాదమునకు నేడు మరొక కారణము తోడైనది. 2000 ఫిబ్రవరి నుండి దేశమంతట సీసము లేని పెట్రోలు వచ్చెను. దానితో ఈ బండ్లకు పెద్ద చిక్కు కలుగలేదు. 2003లో ఆంధ్రప్రదేశ్ సహా కొన్ని రాష్ట్రములలో నూటికి 5 వంతుల ఇథనాలు కలుపుట మొదలయ్యెను. 2022లో అది దేశమందు 10 వంతులకు, 2025 నాటికి 20 వంతులకు చేరెను. అనకాపల్లిలో 1913లో చెరకు పరిశోధన కేంద్రము నెలకొల్పిన నాటికి, చోడవరము చెంత గోవాడలో సహకార చక్కెర కర్మాగారము కట్టిన నాటికి, చక్కెర తీయగా మిగిలిన నల్లని మడ్డి నుండి వచ్చు ఆల్కహాలు ఇట్లు ప్రతి బండి ట్యాంకులో చేరునని ఎవరును తలచి ఉండరు. దిగుమతి ఖర్చు తగ్గుట, రైతుకు గిరాకీ కలుగుట మేలే. కాని పాత కార్బ్యురేటరు ఈ మార్పును ఎరుగదు.

ఒక కిలో పెట్రోలు మండుటకు 14.7 కిలోల గాలి కావలెను. ఇథనాలుకు 9 కిలోలు చాలును. 20 వంతుల మిశ్రమమునకు జెట్టు ఏడెనిమిది శాతము హెచ్చు ద్రవము ఇవ్వవలెను. కొత్త ఇంజెక్షను బండిలో ఆక్సిజను సెన్సారు ఈ తేడాను గుర్తించి సరిచేయును. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 6 నియమములు వచ్చిన పిదప కొత్త బండ్లలో ఇంజెక్షనే సాధారణమయ్యెను. పాత జెట్టు రంధ్రము మాత్రము 1985లో ఎంత ఉన్నదో నేడును అంతే. దారి సగము పూడిన బండికి ఈ కొరత కూడ కలిసినపుడు ప్లగ్గు కొన తెల్లబారును. జెట్టు వ్యాసము నూటికి నాలుగు వంతులు పెంచిన చాలును. ఇది తీగ పని కాదు, తరువాతి నంబరు జెట్టు కొని వేయవలసిన పని.

ఇథనాలు పాత రబ్బరును ఉబ్బించును. గాలిలోని తేమను పీల్చును. వానాకాలమున నెలల తరబడి నిలిపిన బండిలో నీరు మితిమీరినచో ఇథనాలు నీటితో కలిసి అడుగున వేరు పొరగా దిగును. అడుగున నున్నది రిజర్వు దారియే. కార్బ్యురేటరు లోపల కనబడు తెల్లని పొడి ఈ తేమ లోహమును తినుటవలన ఏర్పడినది. కావున బండిని చాలకాలము నిలుపునపుడు కాక్ మూసి, గిన్నె అడుగు మర విప్పి, పెట్రోలు వదలివేయవలెను.

ఇథనాలు పాలును పాఠశాలలోనే చూపవచ్చును. ఉపాధ్యాయుడు ఆరుబయట, దరిదాపుల నిప్పు లేనిచోట, 100 మిల్లీలీటర్ల కొలజాడీలో 50 మిల్లీలీటర్ల ఉప్పునీరు, 50 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, మూసి, మెల్లగా తలక్రిందులు చేసి, నడుమ నడుమ మూత వదులు చేయుచు కలిపి, కొంతసేపు నిలుపవలెను. ఇథనాలు నీటిలోనికి దిగును. కలుపు లేని పెట్రోలైనచో గీత 50 వద్దనే నిలుచును. 20 వంతుల మిశ్రమమైనచో అడుగు పొర ఇంచుమించు 60 వరకు ఎదుగును.