మేక కన్నులు: మహామంత్రి తిమ్మరుసు ఔన్నత్యము, పతనము

సాళువ తిమ్మరుసు కథ మన తెలుగు ప్రసంగాలలో అప్పుడప్పుడు వినబడుతూ ఉంటుంది. 1962లో విడుదలైన ‘మహామంత్రి తిమ్మరుసు’ చలనచిత్రం చూచినవారు కన్నులు పోగొట్టుకొన్న ఆ వృద్ధుని మరచిపోరు. రాజులను నమ్ముకొనరాదనే బోధకు ఆయనను దృష్టాంతముగా చూపి మనము ముందుకు సాగిపోతాము. అయితే మూల కథనాన్ని నిదానించి చదివితే అంతకన్నా కఠినమైన ప్రశ్న ఎదురవుతుంది. రాజాజ్ఞను మీరి చూపిన కనికరము నేరమవుతుందా?

ఆ మూలము పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఫెర్నావ్ నునిజ్ వ్రాసిన వృత్తాంతము. ఇతడు 1535 ప్రాంతంలో, అచ్యుతరాయల కాలంలో, విజయనగరంలో ఉన్నాడు. రాబర్ట్ సూయెల్ 1900లో వెలువరించిన గ్రంథంలో దీని ఆంగ్లానువాదము ఉన్నది. నునిజ్ చాలా సంగతులు విని వ్రాసినవాడు. కనుక అతడు రాజుల నోట పెట్టిన మాటలను అక్షరాలా చరిత్రగా తీసుకొనలేము. అయినా ఆ ఘోరము జరిగిన కొద్ది సంవత్సరాలకే రాజధానిలో జనులు ఏమి చెప్పుకొన్నారో అతని వ్రాత వల్ల మనకు తెలుస్తున్నది.

1509లో వీర నరసింహరాయలు మరణశయ్య మీద ఉన్నాడు. ఎనిమిదేళ్ల తన కుమారునికే పట్టము కట్టాలనీ, తమ్ముడైన కృష్ణరాయల కన్నులు తీయించి తెచ్చి తనకు చూపాలనీ మంత్రిని ఆజ్ఞాపించాడు. తిమ్మరుసు కృష్ణరాయలను గుర్రపుశాలలోనికి తీసుకొనిపోయి సంగతి చెప్పాడు. తనకు రాజ్యము వద్దు, జోగిగా బ్రతికిపోతానని ఆ యువకుడు వేడుకొన్నాడట. మంత్రి ఒక మేక కన్నులు తీయించి రాజుకు పంపాడు. యోసేపు అన్నలు మేకపిల్ల రక్తముతో తండ్రిని మోసగించారు (ఆదికాండము 37). ఇక్కడ మేక ఒకని చూపును కాపాడింది.

ఆ తరువాతి ఔన్నత్యము మనకు తెలిసినదే. రాయలు ఆయనను ‘అప్పాజీ’ అని పిలిచేవాడని పేరు. 1515లో గజపతుల నుండి కొండవీడు చేజిక్కిన తరువాత దాని అధికారము తిమ్మరుసుకు వచ్చింది. ఆయన దానిని మేనల్లుళ్లైన నాదెండ్లవారి చేత నడిపించాడు. అగస్త్యుని బాలభారతానికి సంస్కృత వ్యాఖ్య వ్రాసిన పండితుడు కూడా. ఇంత అధికారము ఒక్క కుటుంబము చేతిలో ఉండడమే పతనానికి సగము కారణమని నా అభిప్రాయము.

1524లో రాయలు ఆరేళ్ల కుమారుడైన తిరుమలరాయలకు పట్టము కట్టాడు. నెలలు గడవకముందే బాలుడు జబ్బుచేసి చనిపోయాడు. తిమ్మరుసు కుమారుడే విషము పెట్టించాడని రాజు చెవిని పడింది. అది నిజమో కాదో నేడు ఎవరూ తేల్చలేరు. రాజు మంత్రిని సభకు పిలిపించి నిందించిన తీరును నునిజ్ వివరముగా చెప్పాడు. నీవు నలభై ఏండ్లు ఈ రాజ్యాన్ని ఏలావు, రాజ్యము నాకిచ్చినవాడవు నీవే, అయినా దానికి నేను నీకు ఋణపడిలేను; నా అన్న ఆజ్ఞ ప్రకారము నా కన్నులు తీయవలసినవాడవు, తీయలేదు, గనుక నీవు ద్రోహివి అన్నది దాని సారాంశము. (రాయలు ఏలినది మొత్తము ఇరవై ఏండ్లే. నలభై అన్నది నిజమైతే పాత ప్రభువుల కాలము కూడా కలుపుకోవాలి.)

తిమ్మరుసును, కుమారులను చెరలో వేశారు. కొంతకాలానికి ఒక కుమారుడు తప్పించుకొని తిరుగబడి పట్టుబడ్డాడు. అప్పుడు వారందరి కన్నులు తీయించారు. బ్రాహ్మణులకు మరణదండన లేదు గనుక ఆ శిక్ష వేశారని నునిజ్ అంటాడు. ఆ కుమారుడు చెరలోనే చనిపోయాడు, తండ్రి చెరలోనే ఉండిపోయాడు.

సభలో రాజు పలికిన వాదాన్ని మనము తేలికగా త్రోసివేయలేము. ఒకసారి రాజును మోసగించినవాడు మరల మోసగించడని నమ్మకమేమిటి? నిర్గమకాండము 1లోని మంత్రసానులు ఫరో ఆజ్ఞను మీరారు, దేవుడు వారికి మేలు చేశాడు. కానీ వారు కాపాడిన శిశువులెవరూ వారిని సింహాసనము దగ్గరకు చేర్చలేదు. తిమ్మరుసు కనికరములో లాభము కలిసి ఉన్నది.

సంఘ చరిత్ర చదివేవారికి ఇంగ్లండులో హ్యూబర్ట్ డి బర్గ్ గుర్తుకు రావచ్చు. జాన్ రాజు ఆజ్ఞ ఇచ్చినా అతడు చెరలోని ఆర్థరును అంగహీనుని చేయనివ్వలేదని ఆనాటి ఒక మఠాధిపతి వ్రాశాడు. తరువాత రాజ్యములో ప్రధానాధికారియై, 1232లో పదవి పోగొట్టుకొన్నాడు. ప్రార్థనాలయములో శరణు చొచ్చిన అతనిని రాజభటులు బయటకు ఈడ్చుకొనిపోతే లండన్ బిషప్పు పట్టుబట్టి తిరిగి అక్కడికే చేర్పించాడు. తిమ్మరుసు పక్షముగా అలా నోరు తెరిచినవాడు నునిజ్ కథనములో ఒక్కడూ కనబడడు.

మన ప్రసంగాలలో చోటు దొరకనివాడు ఇంకొకడున్నాడు: వీర నరసింహరాయల ఎనిమిదేళ్ల కుమారుడు. మేక కన్నులు చూపిన దినాన ఆ బాలుని పట్టము కూడా పోయింది. కృష్ణరాయలు సింహాసనమెక్కగానే ఆ బాలుని, తన ముగ్గురు సోదరులను చంద్రగిరి దుర్గానికి పంపివేశాడు. తిరుపతికి అంత దగ్గరలో ఉన్న ఆ కోటకు మన యౌవనస్థుల కూటాల వారు విహారయాత్రకు వెళ్తుంటారు. వారికి అక్కడ చూపేది రాజమహలు, రాణిమహలు. ఆ సోదరులలో ఒకడైన అచ్యుతరాయలు 1529లో రాజయ్యాడు. అన్న కుమారుడు మాత్రము చనిపోయే వరకు ఆ కోటలోనే ఉన్నాడు.